పదకొండో నంబరు

బడికి పంపిన ముప్పై ట్యాబుల్లో తెరుచుకుంటున్నది ఒక్కటే. పదకొండో నంబరుది.

భిన్నాల లెక్కల్ని ట్యాబులో ఆటలుగా మలిచే మాస్టారికి, కాలేజీలో ఓ మూలగదిలో తోడు ఆ నంబరే.

రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఆయన తెర మీద దాని పచ్చచుక్క వెలిగేది. తప్పు, తప్పు, తప్పు, ఒప్పు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకునేవాడు.

"ఒక్కరైనా ఆఖరి పాఠం దాటాలి. లేదంటే నెలాఖరుకి ఈ పని ఆపేద్దాం," అని ప్రిన్సిపాల్ తేల్చేశారు.

ఉన్నవి ఇరవై పాఠాలు. పదకొండో నంబరు పద్దెనిమిదోది చేస్తోంది.

ఆ రోజు తలుపు దగ్గర ఓ పెద్దాయన నిలబడ్డాడు. ఖాకీ చొక్కా, చేతిలో ట్యాబు. దాని వెనక పదకొండు అని చీటీ.

"బడిలో అటెండర్నండి. ఇందులో రొట్టె ఏడు ముక్కలు కొయ్యమంటోంది. వేలితో ఎంత గీసినా ఆరే తెగుతున్నాయి. తమరు చూస్తారని..."

"ఎవరు గీశారు?"

పెద్దాయన తల దించుకున్నాడు. "గీసినవాళ్లు చెప్పారండి."

మాస్టారికి ఒళ్లు మండింది.

"మొత్తం బడికి చదివేది ఆ ఒక్క పిల్లో, పిల్లాడో. వాళ్ల చేతిలోది లాక్కొచ్చి ఇలా తిప్పితే ఎలాగండీ? తీసుకెళ్లి ఇచ్చెయ్యండి. మళ్లీ ముట్టుకోకండి."

"అలాగేనండి."

ట్యాబును చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఆయన వెళ్లిపోయాడు.

తరవాత చూస్తే నిజమే, ఆరే తెగుతున్నాయి. మాస్టారు అప్పటికప్పుడు సరిచేసి, 'తప్పు నీది కాదు, నాదే. మళ్లీ చెయ్యి నాన్నా' అని పాఠం మొదట్లో రాసిపెట్టాడు.

నాలుగున్నరైంది. చుక్క వెలగలేదు. మర్నాడూ లేదు. వారమంతా ఆ గదిలో ఫ్యాన్ చప్పుడొక్కటే.

ఎనిమిదో రోజు బడికి ఫోన్ చేశాడు.

"పదకొండో నంబరు ట్యాబు వాడే పిల్లకో, పిల్లాడికో ఒంట్లో బాగాలేదా మేడమ్?"

"ట్యాబులు పిల్లలెవరికీ ఇవ్వలేదండీ," అన్నారు హెడ్‌మిస్ట్రెస్. "పగలగొడితే ఎవరు జవాబు చెప్తారు? బీరువాలో పెట్టి తాళం వేశాం."

"మరి పదకొండు?"

"అదా... పనిచేస్తుందో లేదో చూడమని ఒకటి మా అటెండరుకిచ్చాం. మొన్న శుక్రవారంతో ఆయన సర్వీసూ అయిపోయింది, ఊరెళ్లిపోయాడు."

మాస్టారు ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"బడి వదిలాక ఆఖరి బెంచీలో కూచుని, వేళ్లు మడుచుకుంటూ దాంతోనే ఉండేవాడండీ. మీ దగ్గరికొచ్చిన రోజే, 'ఇది పిల్లలదట మేడమ్, నేను ముట్టుకోకూడదట' అని తెచ్చి నా బల్ల మీద పెట్టేశాడు."