కప్పు మీది నాలుగు లైట్లు

మెకానిక్ డాష్‌బోర్డు కింద తల దూర్చి వెల్లకిలా పడుకున్నాడు. జీపు కప్పు మీది నాలుగు లైట్లకూ సాయంత్రం నుంచి కొత్త వైర్లు లాగుతున్నాడు. జీపు బావమరిదిది. రాత్రిపూట అడవి దారుల్లో తిరగడమంటే వాడికి పిచ్చి. లైట్ల వెలుగు తెలియాలని షెడ్డులో దీపాలన్నీ ఆర్పేశారు. మెకానిక్ లోపల స్విచ్ నొక్కాలి, బావమరిది జీపు ముందు నిలబడి చూసి చెప్పాలి.

“ఒకటోది?”

“వెలిగింది బావా.”

“రెండోది?”

“వెలిగింది.”

మెకానిక్‌కి ముచ్చటేసింది. “చూశావా నా పనితనం! మీ అక్కేమో నన్ను దేనికీ పనికిరానంటుంది.”

బావమరిది నవ్వలేదు. అక్క మీద జోకేస్తే పడీ పడీ నవ్వే మనిషి.

“మూడోది?”

“వెలిగింది.”

షెడ్డు వెనక తలుపు కిర్రుమంది. భార్య గొంతు వినిపించింది.

“ఎవరితోనండీ మాటలు? తమ్ముడు ఇందాకే ఇంట్లోకొచ్చి నిద్రపోయాడు. జీపు బ్యాటరీ చూస్తే ఇంకా ఇక్కడ ఛార్జింగులోనే ఉంది.”

మెకానిక్ స్విచ్ మీది వేలు తీసేశాడు. వైరు ముట్టుకునే ముందు బ్యాటరీ ఊడదీయడం అతని అలవాటు. సాయంత్రం ఊడదీసింది తనే. మళ్లీ బిగించడం మరిచిపోయాడు.

మెల్లగా తలెత్తి జీపు ముందు అద్దంలోంచి చూశాడు. ముందంతా చిమ్మచీకటి.

“నాలుగోది కూడా వెయ్యి బావా,” అంది ఆ చీకట్లోంచి గొంతు. “అక్క బాగానే కనబడుతోంది. నువ్వే ఇంకా సరిగ్గా కంటికి ఆనట్లేదు.”