అట్టముక్క పడవ

"ఈ పడవ తీసేయండి బాబూ. బాగోలేదు."

మణిదీప్ తలెత్తి చూశాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాయనకి అరవై దాటి ఉంటాయి. ఖాకీ చొక్కా, పొట్టిగా కత్తిరించిన తెల్లగడ్డం. కింద వీధిలో ఆటో ఆపి, మెట్లెక్కి వచ్చాడు.

యానాం ఫరంపేటలో మందులషాపు మీద గదిలో మణిదీప్, అతని స్నేహితురాలు వీణ కలిసి రెండేళ్ళుగా ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. పేరు 'గోదారి సరంగు'. వరదలో పడవ నడిపి జనాన్ని ఒడ్డుకి చేర్చాలి. విడుదలకి ముందు ఎవరైనా వచ్చి ఆడి చూడొచ్చని కింద తలుపుకి కాగితం అంటించారు. అది చూసి వచ్చినవాళ్ళలో ఈయనొకడు.

"ఏం బాగోలేదండి?" అడిగింది వీణ.

"నీళ్ళు చూడమ్మా. ఎండ పడి మెరుస్తున్నాయి. చెయ్యి పెడితే తడుస్తుందన్నట్టున్నాయి. వాటిమీద ఈ పడవేమో అట్టముక్క కత్తిరించి వదిలినట్టుంది. నీడ లేదు. కెరటం వచ్చినా ఊగదు. ఇంతసేపూ గోదాట్లోనే ఉన్నాననుకున్నాను. పడవ కనపడగానే కుర్చీలో ఉన్నానని గుర్తొచ్చేసింది."

మణిదీప్‌కి చురుక్కుమంది.

ఆ పడవ బొమ్మలు అతను వేసినవి కావు. అతను ఆరో తరగతిలో ఉండగా యానాంలో ఒక కంప్యూటర్ సెంటర్‌వాళ్ళు చిన్న పడవల గేమ్ చేసి సీడీల్లో పంచారు. తెరమీద బొమ్మలన్నీ గళ్ళు గళ్ళుగా ఉండేవి. ఆ వేసవి సెలవులంతా అతను అందులోనే బతికాడు. గేములు చేయాలన్న పిచ్చి అక్కడే పట్టుకుంది.

ఆ సెంటర్ ఎప్పుడో మూతపడింది. బొమ్మలు వేసిందెవరో ఎంత వెతికినా తెలియలేదు. ఆ పడవల్నీ, సరంగునీ అలాగే తెచ్చి తన గేమ్‌లో పెట్టుకున్నాడు. మిగతాదంతా కొత్త గ్రాఫిక్స్.

"అవి పాత గేమ్‌లోవండి. కావాలనే పెట్టాం," అన్నాడు.

"అందులో నీళ్ళు కూడా గళ్ళే కదా బాబూ. రెండూ ఒక్కలాగే ఉంటే కన్ను నమ్మేస్తుంది. ఇక్కడ నమ్మదు. కొత్తవి గీయించుకోండి."

"అక్కర్లేదు."

"అయినా ఇదేమంత గొప్ప పనితనమని? తెడ్డు చూడండి. సరంగు చేతిలో లేదు, గాల్లో ఉంది. చేతకాని గీత."

వీణ తల దించుకుంది. మూడు నెలలుగా తను నసుగుతున్న మాటే అది.

మణిదీప్ లేచి నిలబడ్డాడు.

"మీరెన్ని గేములు ఆడారండి?"

"పెద్దగా ఆడలేదు బాబూ."

"మరి ఆటో తోలుకునేవాళ్ళకి ఈ సంగతులెందుకు? ఆ బొమ్మలేసినాయన కాలిగోటికి చాలరు మీరు."

ఆయన చేతికింద నుంచి మౌస్ లాగేసుకున్నాడు. వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ మణిదీప్ మొహంలోకి ఒకసారి తేరిపార చూశాడు.

"ఆయ్. వస్తానండి," అని దిగిపోయాడు.

"పెద్దాయన్ని పట్టుకుని అలా అంటావా?" అంది వీణ.

"నన్నేమన్నా పడతాను. ఆ బొమ్మల్ని అంటే పడను."

గేమ్ విడుదలైంది.

'నీళ్ళు అద్భుతం. పడవ రాగానే మూడ్ పోయింది' అని రాశారెవరో. 'రెండు గేములు కలిపి కుట్టినట్టుంది' అని ఇంకొకరు. తర్వాత అందరిదీ అదే మాట. నెల తిరిగేసరికి ఆడేవాళ్ళే లేకుండాపోయారు.

గేమ్ పోయిందన్న బాధకంటే ఇంకొకటి మణిదీప్‌ని ఎక్కువగా తినేసింది. వీధిలో ఎక్కడ ఆటో ఆగినా ఆయనేనేమోనని తొంగిచూసేవాడు. 'ఆటో తోలుకునేవాళ్ళకి' అన్న తన గొంతు తనకే వినపడేది.

"ఇలా కుమిలిపోయే బదులు వెళ్ళి ఆయన్ని క్షమాపణ అడుగు," అంది వీణ.

ఆటో స్టాండులో గోపి అనే డ్రైవర్ ఆనవాళ్ళు విని గుర్తుపట్టాడు.

"రాజారత్నం గారాండి? ఆయన పోయి ఇరవై రోజులైపోయిందండి. గుండెపోటు. ఇల్లు మెట్టకూరులో."

మణిదీప్‌కి వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. కాళ్ళు మాత్రం మెట్టకూరు వైపే నడిచాయి.

తలుపు తీసింది ఆయన కూతురు హెప్సిబా.

"నా పేరు మణిదీప్ అండి," అన్నాడు గుమ్మంలోనే చేతులు జోడించి. "ఫరంపేటలో గేమ్ చేశాం. మీ నాన్నగారు చూసి తప్పు చెబితే అవమానించి పంపేశాను. ఆయన చెప్పిందే నిజమైంది. ఆ మాట ఆయనతో అనడానికి కూడా లేకుండా చేసుకున్నాను."

హెప్సిబా తలుపు పూర్తిగా తెరిచింది.

"ఆ అబ్బాయి మీరేనా? లోపలికి రండి. నాన్నకి మీమీద కోపం లేదండి."

"నేనన్న మాటలు మీకు తెలీవండి."

"తెలుసండి. ఇంటికొచ్చి అన్నీ చెప్పారు."

"ఏమన్నారండి?" మెల్లగా అడిగాడు మణిదీప్.

"'నేనేసిన బొమ్మల్ని నేనే బాగోలేవన్నానని, ఒకబ్బాయి నామీదే దెబ్బలాటకొచ్చి గెంటేశాడమ్మా' అని, అన్నం తింటున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారండి."