తుంచిన కంది కొనలు

“తుంచొద్దే సునందా! చెయ్యి తియ్!” అంటూ మారెక్క గట్టు మీంచి పరుగెత్తుకొచ్చింది.

మోకాలెత్తు కంది చేనులో కూతురు అప్పటికే సగం సాళ్లకు కొనలు తుంచేసింది.

“విత్తిన యాభై, అరవై దినాల మధ్య తుంచితే పక్క కొమ్మలొస్తాయంటమ్మా. వ్యవసాయం మేడం చెప్పింది.”

“చెట్లు సచ్చిపోతే? రెండేండ్లు వానల్లేక పంట పాయ. ఇదీ పోతే మీ నాయన తట్టుకుంటాడా?”

సునంద చేతులు ఆగిపోయాయి. నాయన ఈరన్న గట్టు దిగి వస్తున్నాడు.

కొనలు లేని చెట్లను చూసి అతను నిలబడిపోయాడు.

“ఇట్ల రాండి,” అన్నాడు.

చేను చివర ఒక సాలు చూపించాడు. తుంచిన ప్రతి కొన కిందా లేత కొమ్మలు వచ్చాయి.

“మేడం చెప్పినపుడు నేనూ ఆడనే ఉంటి. పది దినాల కిందట ఈ ఒక్క సాలుకు తుంచితి. మీకు చెప్పేకి భయమాయ. దినామూ పొద్దున్నే వచ్చి చూసుకుంటాండా.”

మారెక్క ఆ చిగుళ్లను తాకి చూసింది. ఈ పది రోజులూ పొద్దున్నే అతను మాటామంతీ లేకుండా ఒంటరిగా వెళ్తుంటే, ఏం చేసుకుంటాడోనని పురుగుమందు డబ్బాను పొరుగింట్లో దాచి ఉంచింది. ఆ మాట ఆమె చెప్పలేదు. కొంగు నడుముకు బిగించి, మిగిలిన సాళ్లలోకి దిగింది.