తెర బయటి గొంతు

"ఊ."

దీవెన ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు తీసేసింది. గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు.

మళ్లీ పెట్టుకుంది. కంప్యూటర్ తెర మీద చెంచుగూడెం మల్లమ్మ కుర్చీ అంచున ముడుచుకుని కూర్చుని చెబుతోంది.

"వాగు కాడ్నుంచి నల్లగుండు దాకా మా మామ అడివి కొట్టి చేసిన చేను."

"ఊ."

"కొర్రలు ఏస్తాంటిమి."

"ఊ."

ఊ కొడుతున్నది మగ గొంతు. తెర మీద చూస్తే మగ పురుగు కూడా లేదు.

అది 2008. అడవిలో సేద్యం చేసుకుంటున్నవాళ్లకు పట్టాలివ్వాలని చట్టం వచ్చింది. పట్టా రాకపోతే మల్లమ్మను ఆ చేను నుంచి లేపేస్తారు. రావాలంటే ఆమె చెప్పేది కాగితం మీదికి ఎక్కాలి. హైదరాబాదులో ఉన్న లాయరు సుగుణమ్మకు ఇంతదూరం వచ్చే తీరిక లేదు. అందుకని ఆళ్లగడ్డ ఇంటర్నెట్ సెంటర్లో మల్లమ్మను కెమెరా ముందు కూర్చోబెట్టి వీడియో మీటింగు పెట్టారు. ఆ రికార్డింగు సీడీలోకి ఎక్కి, బస్సు డ్రైవరు చేతి మీదుగా నంద్యాలలో దీవెన దగ్గరికి చేరేది. దాన్ని విని పొల్లుపోకుండా టైపు చేయడం ఆమె పని. ఒక ముసలామె బతుకు తన వేళ్ల మీద ఉందని తెలుసు కాబట్టి, ఒళ్లు దగ్గర పెట్టుకునే చేసేది.

ఈ ఊ ఒక్కటే పానకంలో పుడకలా తగిలింది.

ఆళ్లగడ్డకు ఫోను చేస్తే సెంటరు నడిపే అజయ్ కుమార్ ఎత్తాడు.

"అన్నా, ఆ ఊ కొడతాండేది ఎవరు? ఆయమ్మ మొగుడా?"

"నాకేం తెలుసు తల్లీ! ఎవరో ముసలాయప్ప. తలుపు కాడ కూచుంటాడు. ఆయమ్మతో ఒక్క మాట గూడా మాట్లాడంగ నేను చూళ్లేదు."

"మాట్లాడనాయన ఊ ఎందుకు కొడతాడన్నా?"

"అదే నాకూ అర్థంగాలే."

ఇద్దరికీ అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని తీసేయడమంత సులువైన పని లోకంలో ఇంకోటి లేదు. దీవెన ఆ గొంతును పూర్తిగా వదిలేసి టైపు చేసింది. మల్లమ్మ మాటలు కడిగిన ముత్యాల్లా వచ్చాయని మురిసిపోయింది కూడా.

"ఈసారి ఆయన్ని బయట కూచోబెట్టి తలుపెయ్యన్నా. రికార్డింగు పాడవుతాంది," అని చెప్పి పెట్టేసింది.

రెండో సీడీ వచ్చింది.

అందులో మల్లమ్మ ఒక మాట చెప్పి ఆగింది. తల తిప్పి తలుపు వైపు చూసింది.

"చెప్పమ్మా," అంది లాయరమ్మ.

"చెప్తా. ఆ తలుపు తీయమను."

"తలుపుతో నీకేం పని? నీ చేను సంగతి చెప్పు."

మల్లమ్మ ఇక నోరు విప్పలేదు. లాయరమ్మ విసుక్కుంది. ఉక్కపోస్తోందేమోనని అజయ్ ఫ్యాను పెంచిన చప్పుడు మాత్రం బాగా వినిపించింది.

దీవెన ఆ సీడీని తిప్పి తిప్పి చూసింది. మొన్న గలగలా చెప్పిన మనిషికి ఇవాళ ఏమొచ్చింది? భయమా? లేక మొన్న చెప్పిందంతా అబద్ధమా? అలా అనుకున్నందుకు తన మీద తనకే సిగ్గేసింది. ఎటూ తేలక, "మల్లమ్మ జవాబు చెప్పలేదు" అని టైపు చేసి పంపేసింది.

వానలు వెనకబట్టాక లాయరమ్మ ఫోను చేసింది.

"దీవెనా, అర్జీ తిరిగొచ్చింది. చేను తనదని మల్లమ్మ ఒక్కతే చెబితే చాలదట. ఆ నేల ఎరిగిన పెద్దమనిషి ఇంకొకరు అవునని చెప్పి ఉండాలి. రికార్డింగుల్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

దీవెనకు ఆ ఊ గుర్తొచ్చింది.

మొదటి సీడీ వెతికి పెట్టింది. ఆ గొంతు అలాగే ఉంది. ప్రతి హద్దుకూ అవునంటూనే ఉంది. కానీ ఎవరిదని రాయాలి? మొహం లేదు, పేరు లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా అని ఏడుపొచ్చింది. అయినా ఆళ్లగడ్డ బస్సెక్కింది. అజయ్ కబురంపి మల్లమ్మను సెంటరుకు రప్పించాడు.

"అవ్వా, అప్పుడు నీతో వచ్చినాయన యాడున్నాడు? ఆయన మాట కావల్ల ఇప్పుడు."

"పోయినాడు పాపా. జరమొచ్చి పోయిన నెల పోయినాడు."

దీవెన ఇంకో దారి వెతికింది.

"ఆ చేను ఎరిగిన పెద్దోళ్లు ఇంకెవరన్నా..."

"ఇంకెవరుండారు? అప్పటి మనుషుల్లో మిగిలింది ఆయనా నేనే."

"ఆయన్ని నువ్వే పిలుచుకొచ్చింటివా?"

"నేనా? నేను పిలవల్యా. నేను బస్సెక్కితే ఎనకాలే ఎక్కినాడు. నేను దిగితే దిగినాడు."

"మరి ఆ పొద్దు తలుపేస్తే నువ్వెందుకు చెప్పకపోతివి?"

"నేల సంగతి ఒక్కరే చెప్పుకుంటే అదేం మాట పాపా? ఆయన వింటాంటేనే నాకు నోరొచ్చేది."

మల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. దీవెనకు ఇంకా చిక్కుముడి విడలేదు.

"మీకు చుట్టమా అవ్వా?"

"చుట్టమా!" కళ్లు తడిగా ఉండగానే మల్లమ్మకు నవ్వొచ్చింది. "పక్క చేను బయ్యన్న పాపా. గట్టు కాడ మా ఆయనతో కొట్లాడి, బతికినన్నాళ్లు మా ఇంటోళ్లతో ఒక్క మాట మాట్లాడినోడు గాదు."