బరువున్నవాళ్ళకే దారి

“తప్పుకోమ్మా, తప్పుకో! బరువుతో వస్తున్నాను.”

పొగమంచులోంచి ముందు గొంతు వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు. ఆమె గబుక్కున సైకిల్ బ్రేకు నొక్కి, కాలు కింద ఆనించింది. కాలవ వెంట ఉన్న ఆ బాట, వెనకటి రోజుల్లో మనుషులు పడవలు లాగడానికి వేసింది. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క నీళ్ళు. ఇద్దరు పట్టరు.

ముసలాయన భుజం మీద తాడు. ఒళ్ళంతా ముందుకు వంచి, అడుగులో అడుగు వేస్తూ లాగుతున్నాడు. తాడు బిగుసుకుని నీళ్ళ మీదుగా వెళ్ళి మంచులో కలిసిపోయింది. దాని చివర ఏముందో కనబడడం లేదు.

“పొద్దున్నే ఏంటి తాతా ఈ వేళాకోళం? ఈ కాలవలో పడవలు ఏనాడో పోయాయి కదా!” దబాయించింది ఆమె. “పాపని మా అక్క దగ్గర దింపి నేను పనిలోకి పోవాలి. గేటు మూసేస్తారు. జరుగు.”

“జరగాలంటే తాడు వదలాలి. ఈ బాటకో పద్ధతుంది తల్లీ. ఎదురుపడితే, ఖాళీగా వచ్చేవాళ్ళే బరువుతో వచ్చేవాళ్ళకి దారివ్వాలి.”

“నేను మాత్రం ఊరికే చేతులూపుకుంటూ వస్తున్నానా? వెనక సీట్లో పిల్ల లేదూ? కళ్ళు కనబడవా?”

ముసలాయన తలెత్తి ఆమె భుజం మీదుగా చూశాడు.

“కనబడకేం. ఖాళీయే కదమ్మా.”

ఆమె వెనక్కి తిరిగింది. బెల్టు పెట్టింది పెట్టినట్టే ఉంది. సీట్లో పిల్ల లేదు. ఇందాక వంతెన కింద నుంచి వచ్చేటప్పుడు కూడా వీపు మీద దరువేస్తూ ఒకటే వాగుడు!

“చిట్టీ!”

“అమ్మా!” నీళ్ళ మీంచి, తాడు చివర నుంచి, ఒకటే కేరింతలు. “అమ్మా, పడవ!”

సైకిల్ ఎటు పడిందో ఆమె చూడలేదు. తాడు అందుకుని రెండు చేతులా లాగింది. అరచేతులు దోక్కుపోయాయి గానీ తాడు జానెడైనా రాలేదు.

ముసలాయన కాస్త పక్కకి ఒదిగి, తాడు కింద ఆమెకి చోటిచ్చాడు.

“చేతుల్తో రాదు తల్లీ, భుజానికేసుకుని నడువు. ఆ పడవలోకి మా పిల్లాడు ఎక్కినప్పుడు నాదీ నీ వయసే.”