పాత హంతకుడు, కొత్త హంతకుడు

"పాత సినిమా ముందర ఇది దేనికి పనికొస్తదన్నా?" అన్నాడు మహిపాల్, ఉప్పల్ టాకీసు మెట్ల మీద చతికిలబడి. "దాంట్ల తలుపు కిర్రుమంటె సాలు, పాణం పోయేది. గిండ్ల నెత్తురు బకెట్లతోని పోసిన్రు. పెద్ద ఆర్టిస్టులు దొరకనట్టు, చిన్నచిన్న వేషాల గొంతులన్నీ మన నాచారం ఆడోళ్లతోనే చెప్పించిన్రు."

అబ్రహాం కళ్లు గేటు మీదే ఉన్నాయి. మ్యాట్నీకి పదిమందైనా రాకపోతే ఆట వెయ్యనని మేనేజరు తెగేసి చెప్పాడు. వీళ్లిద్దరితో కలిపి ఎనిమిది మందే తేలారు. రేపు శుక్రవారం, కొత్త బొమ్మ పడుతుంది. ఊళ్లో ఇంకెక్కడా ఇది ఆడడం లేదు.

పాతికేళ్ల కిందటి ముసుగు హంతకుడి సినిమాను మళ్లీ తీస్తే జనం మూడో రోజుకే మొహం చాటేశారు. అబ్రహాం మాత్రం పదమూడు రోజులుగా, మెట్రో గోతులు దాటుకుంటూ, నాచారం నుంచి వస్తూనే ఉన్నాడు. అదీ శ్రమదినాల్లో, చర్చివాళ్లంతా సినిమాలు మానుకునే రోజుల్లో. చర్చి సంఘానికి పెద్ద అయిన మనిషికి ఈ వయసులో నెత్తురు మోజేమిటని అందరూ చెవులు కొరుక్కున్నారు. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పక్క మిషను మీద పనిచేసిన మహిపాల్‌కూ అంతుపట్టలేదు. రిటైరయ్యాక అబ్రహాంతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి అతనొక్కడే. బతిమాలితే కాదనలేక వచ్చాడు.

"పాతదాంట్ల సచ్చేటోళ్లెవరో మనకెరికనా తమ్మీ?" అన్నాడు అబ్రహాం నిదానంగా. "వచ్చుడు, సచ్చుడు. గిండ్ల గట్ల కాదు. ఆ పోరడు సచ్చే ముందర పక్కింటామె ఒక మాట అడుగుతది. మనల్ని అడిగేటోళ్లు ఒకరున్నరంటెనే సావంటే భయం. ఎవ్వరు లేనోనికి భయమేంది?"



ఇంతలో ఎండకు తాళలేక, కూరగాయల సంచులతో ఇద్దరాడవాళ్లు ఫ్యాన్ల కోసం టిక్కెట్లు తెంపించుకున్నారు. పది. అబ్రహాం ప్రాణం కుదుటపడింది.

లోపల కత్తులు లేచాయి, నెత్తురు చిమ్మింది. అబ్రహాం తల వంచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఇందుకా తనను ఇంతదూరం లాక్కొచ్చిందని మహిపాల్‌కు ఒళ్లు మండింది.

గంట గడిచాక తెర మీద ఒక కుర్రాడు ఒంటరిగా ఇంటి తాళం తీశాడు. గోడ అవతల నుంచి, మనిషి కనిపించకుండా, పక్కింటామె పలకరించింది. "గింత ఆలస్యమాయె, అన్నం తిన్నవా?"

అబ్రహాం కళ్లు తెరిచాడు.

"తిన్న," అన్నాడు మెల్లగా, తెర వైపు చూసి.

మహిపాల్ నవ్వబోయి, అతని చెంపల మీది తడి చూసి ఆగిపోయాడు.

ఆ గొంతు, పోయినేడాది చనిపోయిన అబ్రహాం భార్య దోర్కాది.