ఇంగ్లీషు సన్మానపత్రం

ఓబులయ్యకు ఇంగ్లీషులో వచ్చినవి తిట్లే. ఆళ్లగడ్డలో ఆయనకు పత్తి మిల్లుంది. "యూజ్‌లెస్ ఫెలో", "డాంకీ" అని గుమాస్తా సామ్యేలును తిట్టని పూట లేదు.

ఓ రోజు సామ్యేలు భార్య హన్నమ్మ క్యారియర్ తెచ్చిన వేళకే ఆ తిట్లు పడ్డాయి. హమాలీలు నవ్వారు.

"ఏందంటాండాడు?" అంది హన్నమ్మ.

"మెచ్చుకుంటాండాడులే" అన్నాడు సామ్యేలు.

ఆ పూట సామ్యేలు అన్నం ముట్టలేదు. వీడి తిట్లు వీడికే తినిపించాలనుకున్నాడు.

1974లో ఓబులయ్యకు షష్టిపూర్తి. సన్మానపత్రం ఇంగ్లీషులోనే ఉండాలన్నాడు. రాసే పని సామ్యేలు మీద పడింది.

రెండు ఆదివారాలు చర్చి మానుకుని, నంద్యాల లైబ్రరీలో లావుపాటి డిక్షనరీ ముందేసుకున్నాడు. ఊళ్లో ఎవరూ వినని తిట్లు కావాలి. డెస్పికబుల్ అంటే పరమ నీచుడు. రిప్రెహెన్సిబుల్ అంటే ఛీ కొట్టదగినవాడు. అబ్‌నాక్షస్ అంటే చూస్తేనే రోత పుట్టించేవాడు. ఇలాంటివి ఇరవై ఏరి, బంగారు అక్షరాలతో అచ్చు వేయించి ఫ్రేము కట్టించాడు.

సభలో తనే చదివాడు. మాట మాటకూ చప్పట్లు. సామ్యేలు కడుపు చల్లబడింది.

ఓబులయ్య ఆ పత్రాన్ని తన కుర్చీ వెనకే గోడకు తగిలించాడు. వచ్చిన వ్యాపారులకల్లా సామ్యేలు చేతే చదివించి వినిపించేవాడు. యజమానిని మొహం మీదే తిట్టి జీతం తీసుకోవడం ఎవరికి చేదు? పైగా ఆ తర్వాత ఓబులయ్య అతణ్ణి ఒక్క మాటా అనలేదు. పొగడ్త అలా పనిచేసిందనుకున్నాడు సామ్యేలు.

పదేళ్లకు సామ్యేలు రిటైరయ్యాడు. మిల్లు ముందు షామియానా వేశారు. ముందు వరసలో హన్నమ్మ, పాస్టరుగారు, నంద్యాల కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కొత్త అల్లుడు యేసురత్నం కూర్చున్నారు.

ఓబులయ్య కొత్త ఫ్రేమొకటి తెప్పించి, చదవమని అల్లుడి చేతికే ఇచ్చాడు.

పైన సామ్యేలు పేరుంది. కింద అంతా పాతదే. డెస్పికబుల్ దగ్గర అల్లుడు చదవడం ఆపి మామ వంక చూశాడు. జనం చప్పట్లు కొట్టారు. హన్నమ్మ కూడా కొట్టింది.

సామ్యేలు ఓబులయ్య పక్కకు జరిగాడు. "పొరపాటున పాతదే అచ్చేయించినారు సార్" అన్నాడు మెల్లగా.

ఓబులయ్య అతని మెడలో దండ వేసి, చెవి దగ్గరికి వంగాడు.

"పొరపాటేం గాదప్పా, నా షష్టిపూర్తి సభ అయిన మర్నాడే నంద్యాలకు పోయి అర్థాలన్నీ కనుక్కున్నా, నీ ఇంటోళ్లంతా ఒకచోట కూర్చునే ఈ దినం కోసరమే పదేండ్లు దాన్ని గోడకు పెట్టుకున్నా."